బీరువా పళ్ళు

కండక్టర్ తాత వస్తున్నాడంటే ముందు గొంతు వస్తుంది, ఆ తర్వాత మనిషి వస్తాడు. ఆ ఉదయమూ అంతే. గుమ్మం అవతల నుంచే "జరగాలి, జరగాలి, లోపల ఖాళీ ఉంది" అని కేక వేసి, చంకలో గొడుగుతో ల్యాబులోకి అడుగు పెట్టాడు. పళ్ళు లేని నోట్లోంచి మాటలు అంచులు అరిగి వచ్చాయి గాని, బస్సుల్లో అరిచి అరిచి రాటుదేలిన గొంతు మాత్రం తగ్గలేదు.

స్పిరిట్ దీపాల మీదికి వంగి ఉన్న పిల్లలందరూ తలలెత్తారు.

కట్టుడు పళ్ళు తయారు చేయడం నేర్పే రెండేళ్ళ కోర్సు అది. మొదటి ఏడాదంతా సుద్ద కలపడం, మైనం కరిగించడం, చేతులు కాల్చుకోవడంతో గడిచిపోతుంది. రెండో ఏడాది చివర మాత్రం నిజమైన మనిషికి నిజమైన పళ్ళు చేసి పరీక్షలో చూపించాలి. అందుకని ఏటా ఆ వారంలో చుట్టుపక్కల వీధుల్లోని బోసినోళ్ళన్నీ కాలేజీ మెట్లెక్కుతాయి.

"ఈసారి నేను ఎవరి వంతు?" అన్నాడు తాత.

"ముత్యం వంతు తాతా. అదృష్టవంతులు మీరు. నా చేతిలో పడలేదు," అన్నాడు తుఫాను.

ముత్యం ఆ అమ్మాయికి ఇంట్లో పెట్టిన పేరు కాదు. పళ్ళు కూర్చిందంటే వరస అంత తీరుగా ఉంటుందని తోటివాళ్ళు పెట్టింది. తుఫాను పేరు కూడా తోటివాళ్ళు పెట్టిందే. అతని చెయ్యి తగిలిన సుద్ద అచ్చు పగలకుండా మిగలడం అరుదు.

ముత్యం తాతని కుర్చీలో కూర్చోబెట్టి మెడకి గుడ్డ కట్టింది. రబ్బరు గిన్నెలో పొడి, నీళ్ళు పోసి గరిటెతో గిన్నె గోడలకి రాస్తూ కలిపింది. ముద్ద నున్నగా అయ్యాక ట్రేలో నింపి మేడమ్‌కి అందించింది. అచ్చు తీసే పని మాత్రం మేడమ్‌దే.

"ముక్కుతో గాలి పీల్చండి," అంది మేడమ్.

"నాకా చెప్పడం?" అన్నాడు తాత. ఆ తర్వాత నోరు నిండిపోయింది కాబట్టి ఏమీ అనలేకపోయాడు. చెయ్యి పైకెత్తి, బస్సు కడ్డీ పట్టుకున్నట్టు గాల్లో పట్టుకుని, కళ్ళు మూసుకుని నిబ్బరంగా కూర్చున్నాడు. పక్క కుర్చీలో తుఫాను వంతుకి వచ్చిన కూరగాయల పిన్ని భయంభయంగా ఆయన్నే చూస్తోంది. ట్రే బయటకి వచ్చాక తాత ఆవిడకి ధైర్యం చెప్పాడు.

"ఏం లేదమ్మా. చల్లటి మట్టి మింగినట్టుంటుంది. మింగకపోతే సరి."

ముత్యం అచ్చులో సుద్ద పోసి, బుడగలు పైకి రావడానికి బల్ల మీద తడుతూ ఉంది. తాత లేచి నోరు కడుక్కుని ల్యాబు చివరికి నడిచాడు. అక్కడ మేడమ్ బల్ల వెనక నిలువెత్తు అద్దాల బీరువా ఉంది. లోపల నల్ల మఖమల్ గుడ్డ మీద పళ్ళ సెట్లు వరసగా పెట్టి ఉన్నాయి. ఏటా పరీక్షలో మొదటి స్థానం వచ్చిన సెట్టు అందులోకి చేరుతుంది. బీరువా తాళంచెవి మేడమ్ మెడలో నల్ల తాడుకి వేలాడుతుంది.

తాత గాజు తలుపుకి ముక్కు ఆనించాడు.

"ఏరా, కులాసాయేనా?"

"ఎవరితో తాతా మాట్లాడుతున్నారు?" అంది ముత్యం.

"నా పళ్ళతో."

ముత్యం నవ్వింది. తాత వేలితో గాజు మీద చూపించాడు. "అదిగో, మధ్య అరలో చివరిది. అది పొడుగు జడ అమ్మాయి చేసింది. దాని పక్కది కళ్ళజోడు కుర్రాడిది. కింది అరలో తళతళలాడుతోందే, అది పోయినేడాదిది. అన్నీ నావే."

"మరి మీరెందుకు పెట్టుకోలేదు?"

"నాది మంచి నోరమ్మా," అన్నాడు తాత గర్వంగా. "చిగుళ్ళు గట్టిగా, వెడల్పుగా ఉన్నాయిట. అచ్చు దివ్యంగా వస్తుందిట. అచ్చు బాగా వస్తే పళ్ళు బాగా కుదురుతాయి. బాగా కుదిరినవి బీరువాకి వెళ్తాయి. మా పక్కింటాయన ఉన్నాడు చూడు, ఆయన చిగుళ్ళు ఎగుడుదిగుడు. ఆయన సెట్టుకి మార్కులు రాలేదు. హాయిగా పెట్టుకుని మా గోడ మీద కూర్చుని జామకాయలు కొరుకుతున్నాడు."

ముత్యం మొహంలో నవ్వు సగంలో ఆగిపోయింది.

"పాతవాటిలో ఒకటి ఇమ్మని అడగలేదా?"

"పోయినేడు అడిగితే పెట్టి చూశారు. చిగుళ్ళు ఏటికేడు కాస్త అరుగుతాయిట, నోట్లో ఎలుక పిల్ల తిరిగినట్టు తిరిగింది." అటెండర్ బాబాయ్ టీ తెచ్చాడు. తాత గ్లాసు అందుకుని, దాంతో ఇచ్చిన బిస్కెట్‌ని టీలో ముంచి, అది మెత్తబడి ఒరిగిపోయేదాకా ఆగి, వేలితో నోట్లోకి జార్చుకున్నాడు. "అయినా టీ ఇస్తారు. పిల్లలతో కబుర్లు. నష్టమేముంది?"

ఆయన మాటలో ఫిర్యాదు లేదు. అదే ముత్యానికి మింగుడు పడలేదు.

మధ్యాహ్నం మేడమ్ బీరువా గాజు తుడుస్తోంది. ఆ పని ఇంకెవరికీ అప్పజెప్పదు. ముత్యం వెనకాల నిలబడి కాసేపు నీళ్ళు నమిలింది.

"ఏమిటి, చెప్పు."

"కండక్టర్ తాతవి ఇందులో మూడు సెట్లున్నాయి మేడమ్."

"తెలుసు."

"ఆయన నోట్లో ఒక్కటీ లేదు."

మేడమ్ చెయ్యి గాజు మీద ఆగింది. తర్వాత మళ్ళీ తిరిగింది. "ఇన్‌స్పెక్షన్‌కి వచ్చేవాళ్ళు మనం పాఠం ఎలా చెప్పామో చూడరమ్మా. ఈ బీరువా చూస్తారు. ఇది బాగుంటేనే కోర్సు ఉంటుంది. కోర్సు ఉంటేనే మిగతా ముసలివాళ్ళకి పళ్ళుంటాయి."

"ఈ ఏటిదైనా ఆయనకి ఇవ్వచ్చు కదా?"

"నీకు మొదటి స్థానం వస్తే కదా బీరువా మాట. ముందు పని చూసుకో." మేడమ్ గుడ్డ మడత పెట్టింది. "నీకే రావాలని నాకూ ఉంది. ఎగ్జామినర్‌గా వచ్చే ఆయనకి సొంత ల్యాబు ఉంది. మొదటి స్థానం వచ్చినవాళ్ళని ఏటా ఆయనే తీసుకుంటాడు."

అది ముత్యానికీ తెలుసు. రెండేళ్ళుగా ఆ ల్యాబు బోర్డు కిందనుంచి నడిచి వెళ్ళినప్పుడల్లా తలెత్తి చూస్తూనే ఉంది.

మెట్ల మీద తుఫాను కూర్చుని పగిలిన అచ్చుకి అతుకు వేస్తున్నాడు. ముత్యం జరిగింది చెప్పింది. అతను తాపీగా విన్నాడు.

"ఇంత ఆలోచన దేనికి? చెడగొట్టెయ్. అందులో నాకు మంచి అనుభవం ఉంది. ఉచితంగా నేర్పుతాను."

"ఎలా చెడగొట్టను?"

"గులాబీ రంగు ముద్ద నొక్కేటప్పుడు గాలి బుడగ వదిలెయ్."

"బుడగలో అన్నం ఇరుక్కుంటుంది. నోరు వాసన కొడుతుంది."

"పై పళ్ళు, కింది పళ్ళు సరిగ్గా ఆనకుండా చెయ్."

"దవడ నొప్పి పుడుతుంది."

"అంచు గరుకుగా వదిలెయ్."

"చిగురు కోసుకుపోతుంది. నువ్వు చెప్పేవన్నీ తాతకే గుచ్చుకుంటాయిరా."

తుఫాను అతుకు వేసిన అచ్చుని ఎత్తి చూశాడు. అది మళ్ళీ రెండు ముక్కలైంది. "అయితే నీకు కావలసింది మార్కులకి గుచ్చుకుని చిగురుకి గుచ్చుకోని తప్పు. అలాంటిది నాకు రాదమ్మా. నావన్నీ ముతక తప్పులు."

సాయంత్రం ముత్యం ఇంటికి వెళ్తూ నాన్న సెలూన్‌లో ఆగింది. రోజూ ఆగుతుంది. కత్తెరలు తుడిచి, జుట్టు ఊడ్చి, ఇద్దరూ కలిసి ఇంటికి వెళ్తారు. నాన్న సబ్బు గిన్నె కడుగుతున్నాడు.

"ఇందాకే మీ కండక్టర్ తాత వచ్చి వెళ్ళాడు అమ్మలూ. నా పళ్ళు మీ అమ్మాయే చేస్తోందని వీధంతా వినబడేలా చెప్పాడు."

"నాన్నా, ఆయనకి షేవింగ్ ఎలా చేస్తావు? బుగ్గలు లోపలికి పోయాయి కదా?"

"గాలి పట్టమంటాను." నాన్న తన బుగ్గ ఉబ్బించి, దాని మీద వేలితో కత్తి నడిపి చూపించాడు. "ఈ పక్క అయ్యాక ఆ పక్క. మధ్యలో ఆయనకి ఏదో కబురు గుర్తొస్తుంది. గాలి పోతుంది. మళ్ళీ పట్టాలి. ఒక్క గడ్డానికి నా తల ప్రాణం తోకకొస్తుంది." నవ్వి, గిన్నె బోర్లించాడు. "పళ్ళున్న రోజుల్లో చూడాలి ఆయన్ని. ముందు పళ్ళ పక్కన ఒకటి వంకరగా ఉండేది. పక్కదాని మీద భుజం ఆనించి నిలబడినట్టు. రద్దీ బస్సులో ఎంత కోపంగా అరిచినా ఆ పన్ను కనబడేసరికి జనం నవ్వేసేవాళ్ళు."

ఊడుస్తున్న ముత్యం చీపురు ఆగింది.

"ఏ పక్క నాన్నా?"

"కుడి... ఆగు." నాన్న ఖాళీ కుర్చీ వెనక నిలబడి అద్దంలోకి చూశాడు. "నేను మనుషుల్ని చూసేది అద్దంలోనే కదా. అద్దంలో కుడి పక్క." అంతటితో ఊరుకోకుండా తనే కుర్చీలో కూర్చుని, పెదవి ఎత్తి, కుడి పక్క పన్ను మీద వేలు పెట్టుకుని అద్దంలో సరిచూసుకున్నాడు. "అద్దంలో కుడి అంటే మనిషికీ కుడే. ఖాయం."

"ఎంత వంకర?"

"కొంచెమే. గోరంత." లేచి కుర్చీ దులిపాడు. "వాళ్ళావిడ పోయాక తాత అద్దంలో చూసుకోవడం మానేశాడు. పని అయ్యాక వెనక అద్దం పట్టుకుంటానా, 'బాగుందిలే, బాగుందిలే' అంటాడు గాని కళ్ళెత్తడు."

ముత్యం మళ్ళీ చీపురు ఆడించింది. జుట్టంతా ఒక మూలకి చేర్చి, చేటలోకి ఎత్తింది.

మర్నాడు దవడ యంత్రంలో తాత అచ్చులు రెండూ బిగించి ఉన్నాయి, పైదొకటి, కిందిదొకటి, మధ్యలో మైనపు గట్లు. ముత్యం తయారుగా వచ్చే పళ్ళు అతికించిన కార్డు మీదనుంచి వాటిని ఒక్కొక్కటే ఊడదీసి బల్ల మీద వరసగా పేర్చుకుంది. కత్తి మొన దీపంలో కాల్చి, మైనంలో గుంట చేసి, మొదటి పన్ను నిలబెట్టింది. దాని జత నిలబెట్టింది. ఆ తర్వాత కుడి పక్క పన్ను వేళ్ళ మధ్య పట్టుకుంది. యంత్రం తన వైపు తిరిగి ఉంది కాబట్టి తాత కుడి తనకి ఎడమ. ఆ సంగతి రెండుసార్లు మనసులో అనుకుంది.

మైనం మెత్తగా ఉండగా పన్నుని కాస్త తిప్పి, పక్కదాని మీదికి ఒరిగించింది. కత్తి తీసుకుని చుట్టూ మైనం సర్దింది. సర్దడం అయ్యాక చూస్తే పన్ను తిన్నగా ఉంది. మళ్ళీ కాల్చి, మళ్ళీ తిప్పింది. తల తిప్పి చూసేలోగా వేళ్ళు వాటి దారిన అవి పన్నుని నిటారుగా చేసేశాయి. రెండేళ్ళ అలవాటు చెప్పిన మాట వినడం లేదు.

"ఏమిటే, చేతులతో పోట్లాడుతున్నావు?" అన్నాడు తుఫాను అవతలి బల్ల నుంచి.

"వంకర పెట్టడం ఇంత కష్టమని తెలియదురా."

"నన్ను పిలిస్తే చిటికెలో పెట్టేవాణ్ణి."

చివరికి ఎడమ చేతిని వీపు వెనక పెట్టుకుని, ఒక్క కుడి చేత్తోనే పని చేస్తూ పన్నుని ఒప్పించింది. అప్పుడది పక్కదాని మీద భుజం ఆనించి నిలబడింది. ఆ వంకర కింది పన్నుకి ఎక్కడా తగలకుండా యంత్రాన్ని తెరిచి, మూసి, పక్కలకి జరిపి, సన్నటి కాగితం పెట్టి లాగి చూసింది. కనబడే చోట మాత్రమే తప్పు ఉంది. నమిలే చోట ఎక్కడా లేదు.

మేడమ్ వచ్చి యంత్రాన్ని కంటి ఎత్తుకి లేపింది.

"కుడి పక్కది తిరిగింది. సరిచెయ్యి."

"అది అలాగే ఉండాలి మేడమ్."

"వరస తీరుకి మార్కులున్నాయి. అవి పోతాయి."

"పోనివ్వండి మేడమ్."

మేడమ్ ముత్యం వంక చూసింది. తర్వాత తల తిప్పి బీరువా వంక చూసింది. మెడలోని తాళంచెవిని చీరలోపలికి తోసుకుంది.

"నీ ఇష్టం," అని యంత్రాన్ని బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

మైనపు పళ్ళు నోట్లో పెట్టి చూసే వేళకి తాత వచ్చాడు. ముత్యం సెట్టుని చన్నీళ్ళలో ముంచి, పైది ఎక్కించి, కిందిది ఎక్కించి, పెదాలు వేళ్ళతో సర్దింది. లోపలికి పోయిన బుగ్గలు మెల్లగా వాటి చోటికి వచ్చాయి. ముత్యం చేతి అద్దం అందించింది.

"బాగుందిలే," అన్నాడు తాత, చూడకుండానే.

"చూడకుండా చెబితే ఎలా తాతా? పరీక్ష నాది. నా కోసం ఒక్కసారి చూడండి."

తాత మొహమాటానికి అద్దం ఎత్తాడు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. అద్దం దించి బయటికి చూశాడు. మళ్ళీ ఎత్తాడు. బొటనవేలు కుడి పక్క పన్ను దాకా వెళ్ళి, తగలకుండానే ఆగింది.

"నీకెవరు చెప్పారు?"

"మా నాన్న."

తాత తలాడించాడు. మైనం మీద పళ్ళు కదులుతాయేమోనన్న భయంతో మెల్లగా మాట్లాడాడు. "ఆవిడ మొదటిసారి నా బస్సెక్కినప్పుడు ఈ పన్ను చూసి నవ్వింది. టికెట్ ఎక్కడికో చెప్పమంటే నవ్వుతుంది. దిగవలసిన చోటు దాటిపోయింది, అప్పటికీ నవ్వుతూనే ఉంది." అద్దం ఒళ్ళో పెట్టుకున్నాడు. "తిరుగు బస్సులో నేనే దింపాను."

ముత్యం సెట్టు తీయడానికి చెయ్యి చాపింది. ఎప్పుడూ తనే చటుక్కున తీసి ఇచ్చే తాత ఈసారి కొంచెం ఆలస్యం చేశాడు.

ఆ తర్వాత పనంతా వేడి, తడి. మైనపు సెట్టుని ఇత్తడి పెట్టెలో సుద్ద పోసి కప్పడం, మరుగునీళ్ళతో మైనాన్ని కరిగించి పారబోయడం, ఆ ఖాళీలో గులాబీ రంగు ముద్ద కూరి మరలు బిగించడం, నీళ్ళలో ఉడికించడం. పెట్టె తెరిచే సమయానికి ముత్యం తుఫాన్ని గోడ దగ్గర నిలబెట్టింది.

"అక్కడినుంచే మాట్లాడు. ఇటు అడుగు వేశావంటే ఊరుకోను."

"శత్రువుని చూసినట్టు చూస్తావేం? నావి చక్కగా వచ్చాయి, తెలుసా? కూరగాయల పిన్ని నోరు చేసుకున్న పుణ్యం."

నిజంగానే బాగా వచ్చాయి. ఆ వారమంతా తుఫాను ఊపిరి బిగబట్టి పని చేశాడు. పిన్ని ముందు రోజు అతని తల నిమిరి, "నాయనా, నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకోకుండా ఉండాలి, అంతే," అంది. ఆ మాట అతని చేతులకి ఏం చేసిందో గాని ఒక్క ముక్క కూడా పగల్లేదు.

ముత్యం చక్రం దగ్గర నిలబడి తడిపిన పొడితో సెట్టుని మెరుగు పెట్టింది. ఏప్రాన్ నిండా, మొహం నిండా తెల్లటి చుక్కలు పడ్డాయి. చిగురుకి ఆనే వైపు దూదితో మెల్లగా రాసింది. ఎక్కడైనా గరుకుంటే దూది పోగు పట్టుకుంటుంది. ఒక చోట పట్టుకుంది. అక్కడ అరగదీసి, మళ్ళీ రాసింది. ఈసారి దూది జారిపోయింది. ఇంక పన్ను వంకరే మిగిలింది, మార్కులు పోవడానికి.

పరీక్ష నాడు ముసలివాళ్ళందరూ గోడవార బల్ల మీద వరసగా కూర్చున్నారు. ఒక్కొక్కరి ముందు ఒక్కొక్క గిన్నె నీళ్ళలో ఒక్కొక్క సెట్టు. ఎగ్జామినర్ లావుపాటి మనిషి. ఎక్కువ మాట్లాడడు. చూస్తాడు, నొక్కుతాడు, నోరు తెరవమంటాడు, ఊఁ అంటాడు. అటెండర్ బాబాయ్ అందరికీ టీ ఇచ్చాడు. ఆ రోజు బిస్కెట్లు మాత్రం ఎగ్జామినర్ బల్ల మీదికే వెళ్ళాయి, పింగాణీ ప్లేటులో, పువ్వు ఆకారంలో పేర్చి.

తాత వంతు వచ్చింది. ముత్యం గిన్నెలోంచి సెట్టు తీసి ఎక్కించింది. ఎగ్జామినర్ దగ్గరగా వంగాడు, దూరం జరిగాడు, మళ్ళీ వంగాడు.

"ఏదైనా మాట్లాడండి."

ఆ ఒక్క మాట కోసమే పుట్టినట్టు తాత లేచి నిలబడ్డాడు. గొడుగు కర్రని కడ్డీలా పట్టుకున్నాడు.

"ఆస్పత్రి, స్టేషన్, సంత, స్కూలు! దిగేవాళ్ళుంటే ముందుకి రావాలి! సంచులు కాళ్ళ దగ్గర పెట్టుకోవాలి! రైట్ రైట్!"

ఒక్క అక్షరం అరగలేదు. స్టేషన్ స్టేషన్‌లా, సంత సంతలా గోడకి తగిలి తిరిగొచ్చాయి. పిల్లలు పగలబడి నవ్వారు. తాతా నవ్వాడు. నవ్వగానే కుడి పక్క పన్ను అందరికంటే ముందు బయటికి వచ్చింది.

ఎగ్జామినర్ మొహం మెల్లగా విచ్చుకుంది. "పన్ను తిరిగిందేం?" అన్నాడు ముత్యంతో.

"ఆయన పన్ను అలాగే ఉండేది సార్."

"అంటే కావాలని తిప్పావు." ఆయన నడుం నిటారు చేశాడు. "నా ల్యాబులో ఇన్నేళ్ళుగా చెబుతున్నాను, ఒక్కడికీ ఎక్కడం లేదు. అందరికీ ఒకే మొహం తయారు చేస్తారు. వీధిలో కనబడితే ఇవి కట్టుడు పళ్ళని నేను కూడా కనిపెట్టలేను." మేడమ్ వైపు తిరిగాడు. "మిగతావి చూస్తాను గాని, మొదటి స్థానం ఇదే."

పిల్లలు చప్పట్లు కొట్టారు. తుఫాను ఈల వేశాడు. ముత్యం బీరువా వంక చూసింది. మార్కులు పోగొట్టుకోవడానికి పెట్టిన పన్నే మార్కులు తెచ్చింది. ఇంత జాగ్రత్తగా తప్పు చేసి ఉండకూడదు.

వరస చివరిదాకా చూడటం అయింది. రెండో స్థానం తుఫానుదని చెప్పగానే అతను నమ్మక, వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాడు. అటెండర్ బాబాయ్ నల్ల మఖమల్ గుడ్డ పరిచిన పళ్ళెం తెచ్చి తాత ముందు నిలబడ్డాడు.

"తాతా, ఇచ్చేయండి. బీరువాలో పెట్టాలి."

తాత నవ్వు మానలేదు. ఏటా చేసినట్టే, ఎవరూ రెండోసారి చెప్పనక్కర్లేకుండా, బొటనవేలు నోటి దగ్గరికి తీసుకెళ్ళాడు. కాదనలేదు, ఎందుకనలేదు. ఆ వేలు అలవాటుగా లేవడం చూసేసరికి ముత్యానికి ఇంక నిలబడబుద్ధి కాలేదు. నాలుగు అంగల్లో ఎగ్జామినర్ బల్ల దగ్గరికి వెళ్ళి, పువ్వులోంచి ఒక బిస్కెట్ తీసి, వెనక్కి వచ్చి తాత చేతిలో పెట్టింది.

"తాతా, టీ చల్లారిపోతోంది."

తాత ఆ మాటకి ఎప్పటిలాగే గ్లాసు అందుకుని బిస్కెట్‌ని టీ వైపు తీసుకెళ్ళాడు. ముత్యం ఆయన మణికట్టు పట్టుకుంది.

"ముంచకండి. కొరకండి."

తాత ఆమె మొహంలోకి చూశాడు. మేడమ్ వైపు చూశాడు. బిస్కెట్ వైపు చూశాడు. తర్వాత నోరు తెరిచి, పక్క పళ్ళతో కరుక్కున కొరికాడు.

ఆ చప్పుడు ల్యాబంతా వినబడింది.

"అయ్యయ్యో!" అన్నాడు బాబాయ్, పళ్ళెం వెనక్కి లాక్కుంటూ. "ఎంగిలైపోయింది! పెట్టి చూసినదైతే కడిగేస్తాం గాని, తిన్న సెట్టు బీరువాలో ఎలా పెడతాం మేడమ్?"

తాత నములుతున్నాడు. ఆ పక్క కొంచెం, ఈ పక్క కొంచెం, మేడమ్ అందరికీ చెప్పే పద్ధతిలోనే. కళ్ళు మాత్రం పెద్దవయ్యాయి.

"మెత్తగా ఉంటుందనుకున్నాను ఇన్నాళ్ళూ," అన్నాడు. "బిస్కెట్ గట్టిగా ఉంటుందన్న సంగతే మర్చిపోయాను."

మేడమ్ కుర్చీలోంచి లేచింది. ముత్యం తల వంచుకుని ఎదురుచూసింది. ఎగ్జామినర్ కళ్ళజోడు సర్దుకుని, "మార్కులు వేసింది పళ్ళకి. బిస్కెట్ సంగతి నాకు తెలియదు," అని కాగితాల మీదికి వంగాడు.

"అయితే రెండోది పెట్టాలి కదా?" అన్నాడు బాబాయ్. పళ్ళెం పట్టుకుని కూరగాయల పిన్ని వైపు నడిచాడు. పిన్ని రెండు చేతులతో నోరు మూసుకుంది. తుఫాను ఆవిడకి అడ్డం వచ్చి నిలబడ్డాడు. ముత్యానికి అప్పుడు తట్టింది, తను తాత నోరు ఒక్కటే ఆలోచించిందని. బీరువాలో ఖాళీ అలాగే ఉంది. దానికి ఎవరి నోరైనా ఒకటే.

"ఆగు," అంది మేడమ్.

బాబాయ్ ఆగాడు.

మేడమ్ బీరువా వంక చూసింది. మధ్య అర, కింది అర చూసింది. బల్ల మీద వరసగా కూర్చుని, కొత్త పళ్ళ మీద పెదాలు మూసుకోవడం చేతకాక అవస్థ పడుతున్న మనుషుల్ని చూసింది.

"టీ ఒక్కటే ఇచ్చావేం? అందరికీ బిస్కెట్లు పెట్టు."

"అందరికీనా మేడమ్? అవి ఎగ్జామినర్ గారికని..."

"చాలకపోతే తెప్పించు. ఒక్కరు కూడా మిగలకూడదు."

ఎగ్జామినర్ తల ఎత్తకుండానే పింగాణీ ప్లేటుని ముందుకి తోశాడు. బాబాయ్ మఖమల్ గుడ్డ తీసి భుజాన వేసుకుని, అదే పళ్ళెంలో బిస్కెట్లు పెట్టుకుని వరస మొదలుపెట్టాడు. పిన్ని అందుకుంది. "కొరకండి పిన్నీ, భయం లేదు, నేను చేసిన పళ్ళే," అన్నాడు తుఫాను, ధైర్యం చెబుతున్నాననుకుని. పిన్ని కళ్ళు మూసుకుని కొరికింది. ఆ పక్కాయన కొరికాడు. ఆ తర్వాత వరసంతా కరకర, కరకర. సుద్ద మీద గరిటెల చప్పుడు తప్ప ఎరగని ఆ గదిలో అంత ఇంపైన చప్పుడు ఎప్పుడూ వినబడలేదు.

మేడమ్ ముత్యం దగ్గరికి వచ్చింది.

"అడగకుండా ప్లేటులో చెయ్యి పెట్టావు."

"తప్పే మేడమ్."

"ఊఁ." మేడమ్ తాత వైపు తిరిగింది. "ఇన్‌స్పెక్షన్ రోజు మీరు రావాలి. మీరంతా రావాలి. బీరువా పక్కన కుర్చీలు వేయిస్తాను. ఈ ఏటి పళ్ళేవని వాళ్ళడిగితే నవ్వండి."

"టీ ఉంటుందా మేడమ్?" అన్నాడు తాత.

"ఉంటుంది. బిస్కెట్ కూడా. కాని ముంచుకోవడానికి వీల్లేదు."

సాయంత్రం ముత్యం సెలూన్ చేరేసరికి తాత కుర్చీలో ఉన్నాడు. నాన్న సబ్బు పూసి, కత్తి పట్టుకుని, అలవాటు కొద్దీ, "గాలి పట్టు తాతా," అన్నాడు.

తాత గాలి పట్టలేదు. పెదవి ఎత్తి పళ్ళు చూపించాడు. నాన్న కత్తి అలాగే పట్టుకుని అద్దంలో ఆ వంకర పన్ను చూశాడు. అద్దంలో కుడి పక్క. కూతురు వంక చూశాడు. పని మొదలుపెట్టాడు. బుగ్గ మీద కత్తి ఆగకుండా, జారిపోకుండా ఒక్క గీతలో కిందికి వచ్చింది.

పని అయ్యాక నాన్న వెనక అద్దం పట్టుకోబోయాడు. తాత చెయ్యి చాపి దాన్ని తనే తీసుకున్నాడు. మొహం ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. పెదవులు మూశాడు. కొంచెం తెరిచాడు. ఎవరో ఎదురుగా నిలబడి నవ్వాపుకోలేకపోతుంటే చూసి తనూ నవ్వినట్టు, నవ్వాడు.

బెంచీ మీద తర్వాతి మనిషి దగ్గాడు. తాత అద్దం ఇవ్వలేదు. నాన్న ఆ మనిషికి పేపరు అందించి, "కొంచెం కూర్చోండి, తొందరేముంది," అన్నాడు. ముత్యం చీపురు తీసుకుని, తాత కాళ్ళ చుట్టూ ఉన్న చోటు వదిలేసి, మిగతా గదంతా ఊడ్చింది.